సున్నా కింది గీత

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచి అందరూ అనేవారు. వినీ వినీ నాకు కాస్త పొగరెక్కింది. డెబ్బైలలో బెజవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఇంజన్ల ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా చేరాక ఆ పొగరుకు ఎర్ర ఇంకు కూడా తోడైంది. రఫ్ పుస్తకంలో కుర్రాళ్ళు ఏం గిలుక్కున్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఫెయిర్ రికార్డులో మాత్రం గీత ఒక్క చోట వంకర పోయినా కొట్టేసి, మళ్ళీ గీసుకు రమ్మనేవాణ్ణి. కొలతలు ఎటు చెదిరినా వాటి మీదుగా పోయే గీత నున్నగా ఉండాలి. నాకు చదువు చెప్పినవాళ్ళు అలాగే నేర్పారు, నేనూ అలాగే నేర్పాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ వేసవిలో, కాలేజీకి సెలవులిచ్చిన రోజుల్లో, ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రి గారు ట్రాలీ రిక్షా మీద ఒక ఇంజను వేసుకుని వచ్చారు. ఇరవై ఏళ్ళుగా లారీ ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి. రైసు మిల్లులకు పనికొచ్చే ఆయిల్ ఇంజను ఒకటి సొంతంగా తయారుచేశారు. మిగతా సామాను ఎక్కడెక్కడో సంపాదించినా, సిలిండరు పైన మూతలా కూర్చునే హెడ్డు మాత్రం తన షెడ్డులోనే పోత పోసుకున్నారు. మొదట పోసిన హెడ్డు నడుస్తుండగానే పగిలిందట. ఇది రెండోది.

"నీళ్ళ పంపు పెట్టి డెబ్బై కిలోల దాకా ఒత్తి చూశానండి. చుక్క కారలేదు. ఆ పైన నాకు నమ్మకం లేదు. లోపల మంట లేచినప్పుడు ఎంత కొడుతుందో చెప్పండి సార్, అది చాలు నాకు" అన్నారాయన.

ఉయ్యూరు అవతల ఒక మిల్లు ఆసామి ఆయన ఇంజను చూస్తానన్నాడు. పూర్తి లోడు లాగితే తను తీసుకోవడమే కాదు, బంధువుల మిల్లులక్కూడా చెబుతానన్నాడు. లాగకపోతే మామూలుగా అందరూ కొనే కంపెనీ ఇంజనే. మేస్త్రి గారు చెప్పిందంతా విని నేను పెద్దమనిషిలా తలాడించాను. నాకప్పటికి పాతికేళ్ళు దాటి ఏడాదో రెండేళ్ళో.

సిలిండరు లోపలి పీడనం కొలవడానికి మా ల్యాబులో బొటనవేలంత పికప్ ఒకటుండేది. విదేశీ సరుకు. మఖమల్ పెట్టెలో పెట్టి, ప్రొఫెసర్ గారు బీరువాకి తాళం వేసేవారు. ఆయన చుట్టాల పెళ్ళికని మద్రాసు వెళ్తూ తాళం నాకిచ్చారు. పికప్ కొసన పల్చటి ఉక్కు రేకు, దాని వెనక స్ఫటికపు బిళ్ళ ఉంటాయి. లోపలి పీడనం రేకుని నొక్కితే రేకు బిళ్ళని నొక్కుతుంది, బిళ్ళలో పుట్టే చిన్న విద్యుత్తు ఆసిలోస్కోపు తెర మీద గీతగా లేస్తుంది. మంట పక్కనే ఉండాల్సిన వస్తువు కాబట్టి దాని చుట్టూ సన్నటి గొట్టంలో చల్లటి నీళ్ళు ధారగా పారుతూనే ఉండాలి. ఆ సంగతి దాంతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా.

అయితే అప్పుడు కాలవలు కట్టేసిన రోజులు. డాబా మీది ట్యాంకులో అడుగున ఉన్న నీళ్ళే నీళ్ళు. అవి కూడా ఎండకి కాగి కాఫీకి పనికొచ్చేటట్టు ఉన్నాయి.

"ధార రావట్లేదు సార్. బొట్లు బొట్లుగా పడుతోంది. పోనీ రేపు పొద్దున్నే చూద్దామా?" అన్నాడు ల్యాబు అటెండరు.

"పడుతోంది కదా, చాల్లే" అన్నాను. బయట రిక్షా వెయిటింగులో ఉంది, మేస్త్రి గారు ఎదురుగా నిలబడి ఉన్నారు, నాకు నా విద్య చూపించుకోవాలని ఉబలాటంగా ఉంది. ఇంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. మేస్త్రి గారు ఇంజను తిప్పారు. బ్రేకు డ్రమ్ము మీద తాడు బిగించి లోడు పెట్టాం. నేను తెర మీద ట్రేసింగ్ కాగితం అంటించి, కళ్ళలోకి చెమట కారుతుంటే పెన్సిలుతో గీత దిద్దాను. గీత కొండలా లేచి దిగుతోంది. శిఖరం చదరపు సెంటీమీటరుకి యాభై ఎనిమిది కిలోల దగ్గర ఉంది. కానీ దిగడం దిగడం, అడుగున నేను బయటి గాలి పీడనానికి గుర్తుగా వేసుకున్న అడ్డగీత దగ్గర ఆగకుండా దాని కిందికి పోయి, తోకలా వేలాడి, మళ్ళీ పైకొచ్చింది. నా చెయ్యి వణికిందేమో అనుకుని మళ్ళీ దిద్దాను. మళ్ళీ తోక వచ్చింది.

"ఇంకా పన్నెండు కిలోలు చోటుంది" అని గట్టిగా చెప్పాను. మేస్త్రి గారి మొహం విప్పారింది. చోటుంటే కాస్త ముందుగా డీజిలు కొట్టించి బలం పెంచుకోవచ్చు. ఆయన అక్కడే ఫ్యూయల్ పంపు విప్పి, దాని కింద పెట్టిన పల్చటి రేకుల్లో రెండు తీసేసి బిగించారు. మళ్ళీ కొలిస్తే అరవై ఆరు వచ్చింది, తోకా అలాగే వచ్చింది. డెబ్బైకి లోపే. తాడు మీద ఇంజను లాగుడు తేడా నా చేతికే తెలిసింది.

ఆ రాత్రి ఇంటి దగ్గర ఫెయిర్ కాపీ రాశాను. మంచి కాగితం, నల్ల ఇండియన్ ఇంకు, వంపులు దిద్దడానికి ఫ్రెంచ్ కర్వు. శిఖరం దాకా చక్కగా వచ్చింది. తోక దగ్గరికి వచ్చేసరికి అసహ్యంగా కనిపించింది. పరీక్షకుడెవరైనా చూస్తే నవ్వుతాడనిపించింది. ఫ్రెంచ్ కర్వుని కొంచెం జరిపి, గీతని అడ్డగీత మీదకి నున్నగా దించాను. ఎవర్నీ మోసం చెయ్యాలని కాదు. శుభ్రంగా ఉండాలని, అంతే. పొద్దున్నే కాలేజీ ముద్ర వేసి మేస్త్రి గారికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ఇంటికెళ్ళి నాలుగు మూలలా పసుపు రాశారట.

పది రోజుల తర్వాత ముహూర్తం పెట్టుకున్నారు. "మీరు తప్పకుండా రావాలి సార్. మీ చలవే ఇదంతా" అని కబురు పంపారు. పదకొండు దాటాక మిల్లులో లోడు వేస్తారు. ఎండలో అంత దూరం ఎవడు పోతాడులే అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజు ఉదయం ఏడింటికి ప్రొఫెసర్ గారు ల్యాబుకి వచ్చారు. మద్రాసు నుంచి ముందురోజే దిగారు. పికప్ ఎవరికి వాడావని అడిగితే ఉత్సాహంగా ఫెయిర్ కాపీ నకలు తీసి చూపించాను.

"ఇది కాదయ్యా. రఫ్‌ది చూపించు."

చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఈ అడ్డగీత ఏంటి?"

"బయటి గాలి పీడనం సార్."

"తోక దానికంటే ఎంత కిందికి దిగింది?"

గళ్ళు లెక్కపెట్టాను. "రెండు కిలోలు సార్."

"సిలిండర్లో గాలంతా తోడేసి, ఏమీ లేకుండా చేశావనుకో. అప్పుడు ఎంత దిగుతుంది?"

"ఒక కిలో సార్." అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

"మరి నువ్వు రెండెలా దించావు?"

ఏమీ లేకపోవడం కంటే తక్కువ ఉండదు. ఏ చిన్న పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. పది రోజులు ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది, నాకు తట్టలేదు.

ప్రొఫెసర్ గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నీళ్ళు సరిగా పారక పికప్ కాగిపోయిందని, మంట తగిలిన ప్రతిసారీ ఆ పల్చటి రేకు వేడికి ఉబ్బి, వెనకున్న బిళ్ళ మీద పట్టు వదిలేస్తుందని, అందుకే అసలు పీడనం కంటే తక్కువ చూపిస్తుందని చెప్పారు. తోక దగ్గర అది బయటపడింది. శిఖరం దగ్గర కూడా తక్కువే చూపించి ఉంటుంది, కానీ అక్కడ పోల్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి కనపడదు.

"పైన ఎంత పోయి ఉంటుంది సార్?"

"కొలిస్తే తెలుస్తుంది."

"ఇవాళ పదకొండుకి లోడు వేస్తారు సార్. నేను పోతాను."

"పోయి ఏం చెబుతావు? అనుమానంగా ఉందనా? ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు నీ అనుమానం వింటారా? అంకె పట్టుకుని పో."

అంత తాపీగా ఆయన ఎలా మాట్లాడగలిగారో అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నది నిజం. ల్యాబు ఇంజనుకి పికప్ బిగించి, మొదట ఆ రోజులాగే బొట్లు బొట్లుగా నీళ్ళు వదిలి కొలిచాం. తర్వాత పికప్ కొసకి పల్చగా గ్రీజు రాశాం, మంట నేరుగా రేకుకి తగలకుండా. అటెండరు స్టూలెక్కి నిలబడి, కుండలో నీళ్ళు, బావి నీళ్ళు బిందెలతో గరాటులో పోస్తూనే ఉన్నాడు. శిఖరం ఆరో వంతు పైకి లేచింది. తోక మాయమైంది. నేను చొక్కా గుండీ పెట్టుకుంటూనే నోటి లెక్క వేశాను. అరవై ఆరంటే అసలు డెబ్బై ఏడు.

డెబ్బై వరకే మేస్త్రి గారికి నమ్మకం. ఆయన మొదటి హెడ్డు పగిలిన సంగతి గుర్తొచ్చింది. మిల్లులో ఇంజను పక్కన ఎంతమంది నిలబడి ఉంటారో ఊహించుకోవడానికి భయమేసింది. ప్రొఫెసర్ గారు ఆసామి ఇంటికి ట్రంకు కాల్ బుక్ చేస్తానని ఆఫీసుకి వెళ్ళారు. ఆ కాల్ కలవనే లేదని తర్వాత తెలిసింది.

బస్సులో నిలబడ్డాను. బందరు రోడ్డు మీద ఎప్పుడూ లేనన్ని గడ్డి బళ్ళు ఆ రోజే ఎదురొచ్చాయి. కంకిపాడులో కండక్టరు దిగి, నిమ్మకాయ సోడా తాగి, సోడా కొట్టువాడితో వాళ్ళ మరదలి పెళ్ళి సంగతి మాట్లాడుతూ నిలబడ్డాడు. "కాస్త త్వరగా పోనీయండి" అంటే, "మీ ఒక్కరికేనా అండీ పని?" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చేది కోపమో భయమో నాకే తెలియలేదు. ఉయ్యూరులో దిగి సైకిలు అద్దెకు తీసుకుని ఎండిన కాలవ గట్టు మీద తొక్కాను. గాలి నిప్పులా కొడుతోంది. గడియారం పది యాభై చూపిస్తోంది.

మిల్లు ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే ఇంజను చప్పుడు వినిపించింది. తేలిగ్గా, సమంగా కొట్టుకుంటోంది. లోడు లేదు. సైకిలు మీదే ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాను.

గుమ్మానికి మామిడాకులు, ఫ్లైవీలుకి పసుపు కుంకుమలు. ముప్పై మంది దాకా ఉన్నారు, ఆడవాళ్ళు కూడా. ఇంజను దగ్గర మేస్త్రి గారి బావ నిలబడి ఉన్నాడు. ఇంజను నడిపేది అతనే. వేడి ఎంతుందో చూడటానికి హెడ్డు మీద అరచెయ్యి ఆనించి, మొహం దాని పక్కనే పెట్టి చెవితో వింటున్నాడు. ఇంజన్ల దగ్గర పనిచేసేవాళ్ళందరికీ అదే అలవాటు. హెడ్డు పగిలితే మొదట పోయేది ఆ చెయ్యే.

"సార్ వచ్చారు! కుర్చీ వెయ్యండ్రా" అని మేస్త్రి గారు పరుగున వచ్చారు. ఎవరో నా చేతిలో సోడా పెట్టారు. ఆసామి నా కాగితాన్ని చుట్టాలకు చూపిస్తూ, "కాలేజీ వాళ్ళు కొలిచి ఇచ్చిందండీ. చూడండి ఎంత ముచ్చటగా రాశారో" అంటున్నాడు.

"మేస్త్రి గారూ, ఒక్కసారి ఇటు రండి."

"ముహూర్తం అవనివ్వండి సార్, రెండు నిమిషాలే."

"లోడు వెయ్యకండి. ఇంకోసారి కొలుద్దాం." గొణిగినట్టు వచ్చింది నా మాట.

ఆయన నవ్వారు. "మీరే రాశారుగా సార్, అరవై ఆరని."

అందరూ నా వైపే చూస్తున్నారు. నా కొలత తప్పు అన్న మూడు మాటలు చెబితే సరిపోయేది. మాది ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం, ముహూర్తాల మంచీ చెడ్డా నాకు తెలియదు, వాళ్ళ పూజకి అడ్డుపడ్డానంటారేమోనన్న భయం ఒకటి. కానీ అది సాకు. అసలు సంగతి, ఆ కాగితం ముచ్చటగా ఉందని అప్పుడే పొగిడారు, అది తప్పని ఆ మనుషుల ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. పంతులు గారు చెయ్యి ఎత్తారు. కొబ్బరికాయ పగిలింది. ఒకతను కర్రతో బెల్టుని ఖాళీ పుల్లీ మీద నుంచి మిల్లు పుల్లీ మీదకి నెట్టాడు.

చప్పుడు మారింది. బరువు మీద పడగానే ఇంజను గొంతు తగ్గి, ఆ వెంటనే సుత్తితో కొట్టినట్టు లోపల నుంచి గట్టి దెబ్బలు మొదలయ్యాయి. మిల్లు తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. బావ మొహం చిట్లించాడు గానీ చెయ్యి తియ్యలేదు.

"ఆపండి!" అని అరిచాను. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. "చెయ్యి తీయండి! ఆపేయండి!"

మేస్త్రి గారు ఇంజను వైపు చూడలేదు, నా మొహం చూశారు. ఒక్క అంగలో వెళ్ళి, బావని భుజం పట్టి వెనక్కి లాగి, డీజిలు కట్టేశారు. ఇంజను ఇంకో పది పన్నెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. హెడ్డు పగల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను సోడా సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ముహూర్తం వేళ ఆపడమేంటి మేస్త్రీ?" ఆసామి గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ ఉంది.

మేస్త్రి గారు నా దగ్గరికి వచ్చారు. ఆయన ఒక్కరికే వినపడేటట్టు చెప్పాను. "డెబ్బై ఏడు. నా కొలత తప్పు. నీళ్ళు సరిగా పారలేదు." ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, ఆసామి చేతిలో కాగితాన్ని చూసి, వెనక్కి తిరిగారు.

"పోతలో తేడా కనపడిందండి. తప్పు నాది. సార్ చూశారు కాబట్టి సరిపోయింది. హెడ్డు మార్చి తెస్తాను."

నేను అక్కడే ఉన్నాను. విన్నాను. మాట్లాడలేదు.

తిరిగొచ్చేటప్పుడు లారీలో, ఇంజను పక్కన కూర్చుని, ఎందుకలా చెప్పారని అడిగాను. "మీ కాగితం తప్పంటే ఇంజనంతా తప్పే అంటారు సార్. పోత తప్పంటే పోత మారిస్తే సరిపోతుంది" అన్నారు. ఆ వారమే పంపు కింద నుంచి తీసేసిన రెండు రేకులూ తిరిగి పెట్టి, ఈసారి నీళ్ళు ధారగా వదిలి కొలిచాం. అరవై ఎనిమిది. ఆయన మొదట ఎలా తెచ్చారో అలా ఆ ఇంజను నిక్షేపంలా ఉంది. పోతలో ఏ లోపమూ లేదు. అయినా ఆసామికి మాటిచ్చారు కాబట్టి, ఇంకా మందంగా, డీజిలు ముందుగా కొట్టినా తట్టుకునేటట్టు కొత్త హెడ్డు పోస్తానని ఇసుక అచ్చు తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

నాకు నిద్ర పట్టేది కాదు. చెయ్యని తప్పు ఆయన మోస్తున్నారని కుమిలిపోయాను. మూడో వారం ఒక ఆదివారం, ఆయనకి చెప్పకుండా, రఫ్ కాగితాలు పట్టుకుని మిల్లుకి వెళ్ళి ఆసామికి మొత్తం చెప్పేశాను. నా గీత, తోక, బొట్లు బొట్లుగా పడిన నీళ్ళు, అన్నీ. చెబుతుంటే గుండె తేలికపడింది. ఆసామి ఓపిగ్గా విన్నాడు.

"అయితే పోత బాగానే ఉందన్నమాట."

"బాగుందండి."

"మరి పోతలో తేడా ఉందని, తప్పు తనదేనని మేస్త్రి నా మొహం మీద చెప్పాడు కదండీ."

నేను సర్దిచెప్పబోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు. "మీరు నిజం చెప్పారు, సంతోషం. హెడ్డు మార్చి తెస్తే ఇంకోసారి చూద్దామనే అనుకున్నానండీ. ఉన్నదున్నట్టు చెబుతాడనే గదా ఊరూ పేరూ లేని ఇంజను నా గుమ్మంలో పెట్టించుకుంది. నా మిల్లులో నిలబడి, నా ఆడవాళ్ళ ముందు అబద్ధం చెప్పిన మనిషి ఇంజను ఇంక నాకొద్దండి."

ఎంత బతిమాలినా వినలేదు. తిన్నగా ఆటోనగర్ వెళ్ళాను. మేస్త్రి గారు అప్పుడే కొత్త హెడ్డుని ఇసుకలోంచి తీసి, అంచులు ఆకురాయితో రాస్తున్నారు. ఆసామి అన్నది అన్నట్టు చెప్పాను. ఆయన ఆకురాయి కింద పెట్టారు.

"ఆ రోజు అక్కడ చెప్పాల్సింది సార్. అప్పుడు చెప్పనప్పుడు, ఇంక ఎప్పుడూ చెప్పకుండా ఉండాల్సింది."

ఆయన మళ్ళీ ఇంజను చెయ్యలేదు.